ఎంత తిప్పినా అలవని కుక్క

(బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, అక్కడి తెలుగు కుటుంబాల కోసం ఆదివారం పొద్దున ఒక డాగ్ ట్రైనర్ చెప్పిన మాటలు. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరకూ వినపడతా ఉందా? సరే. నిలబడినోళ్ళు ముందుకొచ్చి కూర్చోండప్పా, ఈరోజు కుక్కల్ని ఇంట్లోనే పెట్టి రమ్మని గ్రూప్‌లో ముందే చెప్పినాం కాబట్టి భయపడే పనేం లేదు. మాది హిందూపురం. ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది, కేఆర్ పురంలో ఉంటా, కుక్కలకి ట్రైనింగ్ ఇవ్వడం నా పని. నిజం చెప్పాలంటే సగం టైం ఇంట్లో మనుషులతోనే మాట్లాడతా ఉంటా, కుక్కకి అరగంటలో ఎక్కేది మనకి ఎక్కడానికి రెండు నెలలు పడతాది, ఏమనుకోకండి. (నవ్వులు)

నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఒకటే మాట. "మేడం, మాది మిక్స్‌డ్ బ్రీడ్, ఎనర్జీ చాలా ఎక్కువ, ఎంత తిప్పినా అలవదు, సోఫా పీకేసింది, చెప్పులన్నీ అయిపోయినాయి, ఇప్పుడు గోడ గీకతా ఉంది." ఏం చేస్తా ఉన్నారు సార్ అంటే పొద్దున గంట వాకింగ్, సాయంత్రం గంట, మధ్యలో బాల్, ఇంకా చాలదని డాగ్ వాకర్‌ని కూడా పెట్టినాం అంటారు. గంట చాలక గంటన్నర చేస్తారు, అదీ చాలక రన్నింగ్ మొదలుపెడతారు, ఒక సార్‌కి అయితే పాపం పొట్ట మొత్తం కరిగిపోయింది, కుక్క మాత్రం అట్లే ఉంది. ఈరోజు నేను చెప్పాలనుకుంది దీని గురించే. హుషారు ఎక్కువున్న కుక్కని ఇంకా ఇంకా పరిగెత్తిస్తే తగ్గతాది అనుకుంటాం, చాలా ఇళ్ళల్లో అదే దాన్ని పెంచతా ఉంది.

ముందు ఈ మిక్స్‌డ్ బ్రీడ్ సంగతి. మన ఊర్లో ఏ కుక్కలో ఏం కలిసిందో దేవుడికే తెలియాలి. లాబ్ పిల్ల అని ఇస్తారు, నాలుగు నెలలకి కాళ్ళు పొడుగవుతాయి, మూతి సన్నబడతాది, ఒక చెవి నిలబడతాది ఇంకోటి వాలిపోతాది. బాగల్‌కోట్ వైపు ముధోల్ కలిసినవి ఉంటాయి, తమిళనాడు రాజపాళయం, చిప్పిపారై కలిసినవి ఉంటాయి, ఎవరో వదిలేసిపోయిన హస్కీ రక్తం వీధి కుక్కల్లో కలిసినవి ఉంటాయి. మనోళ్ళు నన్ను ఫస్ట్ అడిగేది ఇదే, మేడం దీంట్లో ఏముంది, ఏముందో తెలిస్తే ఎట్లా పెంచాలో తెలుస్తాది కదా అని. అంత ఈజీ కాదు. 2022లో సైన్స్ పత్రికలో అమెరికా వాళ్ళ రీసెర్చ్ ఒకటి వచ్చింది, 18,000కి పైగా కుక్కల ఓనర్లతో ప్రశ్నలకి జవాబులు రాయించుకొని, అందులో 2,000కి పైగా కుక్కల డీఎన్‌ఏ కూడా చూసినారు, అందులో సగం దాకా మిక్స్‌డ్ కుక్కలే. కుక్కకీ కుక్కకీ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే అని తేలింది. జాతి అసలు లెక్కలోకే రాదని కాదు, పశువుల్ని మళ్ళించడానికి తయారు చేసిన జాతుల్లో కొన్ని అలవాట్లు గట్టిగానే వస్తాయి. కానీ మీ ఇంట్లో ఉండే ఆ ఒక్క కుక్క ఎట్లా ఉంటాదో దాని అమ్మా నాన్న పేర్లు చూసి చెప్పలేం.

2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతులు ప్రమాదకరం అని, వాటి మిక్స్‌లు కూడా అందులోకే వస్తాయని రాష్ట్రాలకి సర్క్యులర్ పంపింది గుర్తుందా? ఏప్రిల్‌లో మన కర్ణాటక హైకోర్టే దాన్ని కొట్టేసింది. ఆ నెల రోజులు నా ఫోన్ ఆగలేదు, మా దాంట్లో రాట్‌వీలర్ ఉందా లేదా చూసి చెప్పండి అని. నేనేమన్నా తహసీల్దార్‌నా తోక చూసి క్యాస్ట్ సర్టిఫికెట్ రాసివ్వడానికి? (నవ్వులు)

కాబట్టి పేరు పక్కన పెట్టి కుక్కని చూడండి. ఒక వారం ఊరికే చూడండి, ఏమీ నేర్పించొద్దు. ఏం చూస్తే దీనికి ప్రాణం లేచొస్తా ఉంది? మా ఇంట్లో మిర్చి అని ఉంది, తల్లి హోస్కోటె దగ్గర వీధి కుక్క, తండ్రి ఎవరో తెలీదు. దానికి కదిలేది కావాలి. ఉడత, స్కూటర్, గాలికి లేచిన ప్లాస్టిక్ కవర్, ఏదైనా సరే. బాల్ మాత్రం ఒకసారి చూసి మీరే తెచ్చుకోండి అన్నట్టు కూర్చుంటాది. ఇంకో ఇంట్లో కుక్క కదిలేదాన్ని పట్టించుకోదు, శబ్దం వస్తే మాత్రం ఊరుకోదు, లిఫ్ట్ టింగ్ మంటే చాలు తలుపు దగ్గర ఉంటాది. ఇంకోటి రోజంతా నేల మీద ముక్కు పెట్టుకొనే తిరగతాది. మూడింటినీ హైపర్ అనే అంటారు, మూడింటికీ చేయాల్సిన పని మాత్రం వేరే.

సరే, పరుగు సంగతికి వద్దాం. రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తిస్తే కుక్క గుండె, ఊపిరితిత్తులు, కండ అన్నీ గట్టిపడతాయి. వచ్చే నెలకి ఐదు చాలదు, ఏడు కావాలి. మీరు ఇంట్లో ఒక అథ్లెట్‌ని తయారు చేస్తా ఉన్నారు, ఆ అథ్లెట్‌ని పది గంటలు 2బీహెచ్‌కేలో పెట్టి ఆఫీస్‌కి పోతా ఉన్నారు. ఇంక బాల్. బాల్ విసరడం తప్పని నేను అనను, కానీ బాల్ లాంచర్ పట్టుకొని బాస్కెట్‌బాల్ కోర్టులో అరగంట ఆగకుండా విసరతా ఉంటారు చూడండి, ఆ కుక్కని నాలుగోసారికి ఒకసారి చూడండి. నాలుక పక్కకి వేలాడతా ఉంటాది, కళ్ళు పెద్దవై ఉంటాయి, బాల్ చేతిలోంచి రాకముందే అరుస్తా ఉంటాది, పేరు పెట్టి పిలిస్తే చెవి కూడా కదలదు. మనకి అది ఆనందంగా కనపడతాది. ఒళ్ళంతా ఉద్రేకం ఎక్కి ఉంటాది, ఇంటికొచ్చినాక కూడా తొందరగా దిగదు, మీ కర్టెన్ చిరిగేది అప్పుడే. పైగా అంత స్పీడ్‌లో సడన్‌గా ఆగడం, టైల్స్ మీద జారి తిరగడం, కీళ్ళకి మంచిది కాదు. ఆడించండి, ఐదారు సార్లు విసరండి, మధ్యలో ఆపండి, కూర్చోమనండి, ఒకసారి బాల్‌ని గడ్డిలో దాచి వెతకమనండి.

ఏడాది లోపు కుక్కపిల్లల్ని జాగింగ్‌కి తీసుకుపోవద్దు, ఎముకల చివర్లు గట్టిపడడానికి మామూలుగా 12 నుంచి 18 నెలలు పడతాది, పెద్ద సైజు కుక్కలకి ఇంకా లేటే. స్కూటీకి లీష్ కట్టి ఉరికించేవాళ్ళు ఈ ఏరియాలో కూడా ఉన్నారు, పేరు చెప్పను, దయచేసి ఆపండి. ఇంకోటి, బెంగళూరు చల్లగా ఉంటాదని ఏప్రిల్ మధ్యాహ్నం రెండింటికి తారు రోడ్డు మీద నడిపిస్తారు. అరచేతి వెనక వైపు రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టి చూడండి, మీరు పెట్టలేకపోతే దాని పాదం కూడా పెట్టలేదు.

మరి ఏం చేయాలి? ముక్కు. నేను పదేపదే చెప్పేది ముక్కే. మనకి ముక్కులో వాసన పట్టే రిసెప్టర్లు 50, 60 లక్షలు ఉంటాయని చెప్తారు, కుక్కకి 20 కోట్లకి పైనే. వాకింగ్‌కి పోయినప్పుడు అది ఒక గోడ మూల దగ్గర రెండు నిముషాలు నిలబడితే మనం రా రా లేట్ అవుతాది అని లాగతాం. ఆ రెండు నిముషాలకే అది బయటికొచ్చింది! ఆ గోడ మీద రాత్రి ఎవరొచ్చి పోయినారు, మగదా ఆడదా, ఎంతసేపయింది, అన్నీ చదవతా ఉంటాది. 2019లో ఒక చిన్న స్టడీ వచ్చింది, కొన్ని పెంపుడు కుక్కలకి రెండు వారాలు వాసనతో వెతికే ఆట, ఇంకొన్నిటికి ఓనర్ పక్కనే నడిచే ప్రాక్టీస్ చేయించినారు. తర్వాత తిండి ఉందో లేదో డౌట్‌గా ఉండే చోట ఒక గిన్నె పెట్టి చూస్తే, వాసన ఆట ఆడినవి మునుపటికంటే తొందరగా దాని దగ్గరికి పోయినాయి. అంటే ఉంటాదిలే అనే నమ్మకం పెరిగింది. పక్కన నడిచినవాటిల్లో ఆ మార్పు రాలేదు.

వారంలో రెండు మూడు వాకింగ్‌లు దాని ఇష్టానికి వదలండి. ఐదు మీటర్ల పొడుగు లీష్, మెడకి కాకుండా ఛాతీకి హార్నెస్, ట్రాఫిక్ లేని చోట. బటన్ నొక్కితే సాగే లీష్‌లు మాత్రం మన రోడ్ల మీద వద్దు, బండి వచ్చినప్పుడు టైంకి లాక్ పడకపోతే అంతే. ఆదివారం పొద్దున్నే కబ్బన్ పార్క్‌కి పోయేవాళ్ళు కూడా అక్కడ పది కుక్కలతో ఆడించాలని కాకుండా ఒక చెట్టు కింద కూర్చొని దాన్ని వాసన చూడనియ్యండి, అందరితో షేక్‌హ్యాండ్ ఇవ్వాల్సిన పని కుక్కకి లేదు.

ఇంట్లో అయితే ఒక పాత తువ్వాలు చాలు. ఇదిగో తెచ్చినా, చూడండి. దీన్ని పరిచి, పొద్దున గిన్నెలో వేసే తిండిలోంచే ఒక గుప్పెడు దీని మీద చల్లి, చాపలా చుట్టేయండి. ఫస్ట్ డే వదులుగా చుట్టండి, దానికి గెలిచిన ఫీలింగ్ రావాలి. నాలుగో రోజుకి మధ్యలో ఒక ముడి వేయండి. ముందు కాలితో ఒక చివర అదిమిపెట్టి, మూతితో తోస్తా, ఫుర్ ఫుర్ మని గాలి వదలతా, ఒక్కో మడత తెరుస్తాది. మిర్చి అయితే ముడి దగ్గరికొచ్చినప్పుడు పళ్ళతో పట్టి చాలా జాగ్రత్తగా, చొక్కా గుండీ తీసినంత మెల్లగా లాగతాది, సోఫా పీకిన పళ్ళే అవి. పది, పదిహేను నిముషాలు పడతాది, అయిపోయినాక నీళ్ళు తాగి పోయి పడుకుంటాది. గంట బాల్‌కి రాని నిద్ర దానికి వస్తాది. గుడ్ల అట్ట పెట్టె, ఆన్‌లైన్‌లో వచ్చే కార్టన్లు, అన్నీ వాడండి, టేపులూ పిన్నులూ మాత్రం పీకేసి ఇవ్వండి. అట్టముక్కలు చింపితే చింపనీ, మింగేస్తా ఉంటే మాత్రం తువ్వాలే వాడండి. తువ్వాలు కూడా మింగే రకం అయితే గడ్డిలో చల్లండి.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైంది. పడుకోవడం నేర్పాలి. నవ్వుతా ఉన్నారు, నిజంగానే నేర్పాలి. పెద్ద కుక్క రోజులో సగం పైన నిద్రలో ఉండాలి, పిల్లలు 18 గంటల దాకా కూడా పడుకుంటాయి. మీ కుక్క పగలు ఎంతసేపు పడుకుంటా ఉంది? ఎవరికీ తెలీదు, మనం ఆఫీస్‌లో ఉంటాం. ఫోన్ కెమెరా పెట్టి చూసినోళ్ళు షాక్ అయినారు, మెయిన్ డోర్ పక్కన పరుపు వేసినారు, లిఫ్ట్ వచ్చిన ప్రతిసారీ లేచింది, డెలివరీ వాళ్ళకి లేచింది, ఎదురు బిల్డింగ్‌లో డ్రిల్లింగ్‌కి లేచింది. అంతసేపు నిద్ర లేని చిన్నపిల్లోడు సాయంత్రం ఎట్లుంటాడో మీకు తెలుసు కదా. దాన్నే మనం ఎనర్జీ అంటా ఉన్నాం. పరుపుని లోపలి రూంకి మార్చండి, బాల్కనీ కింది సగం కనపడకుండా గుడ్డ కట్టండి, ఫ్యాన్ సౌండ్ ఉంటే ఇంకా మంచిది.

ఇంకోటి. అది అల్లరి చేసినప్పుడు పేరు పెట్టి పది సార్లు పిలుస్తాం, గమ్మున పడుకున్నప్పుడు హమ్మయ్య అని అటు వైపు కూడా చూడం. తిరగేయండి. తనంతట తాను పడుకున్నప్పుడు మెల్లగా పోయి ముందు కాళ్ళ మధ్య ఒక చిన్న ముక్క పెట్టి, ఏమీ మాట్లాడకుండా వచ్చేయండి. గుడ్ గర్ల్ అని అరవద్దు, అరిస్తే లేచి కూర్చుంటాది. ఇదొక్కటీ మూడు వారాలు చేయండి చాలు. ఓపిక కావాలి, అందుకే ఎవరూ చేయరు.

ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య కుక్కలున్నోళ్ళు ఎంతమంది? అబ్బో. సరే మీకు స్పెషల్‌గా. నిన్నటి దాకా పిలిస్తే వచ్చేది, ఈరోజు పేరు కూడా మర్చిపోయినట్టు చేస్తాది, కదా? 2020లో బ్రిటన్‌లో గైడ్ డాగ్స్, అంటే చూపు లేనోళ్ళకి దారి చూపే కుక్కల కోసం పెంచే కుక్కపిల్లల మీద ఒక స్టడీ చేసినారు. ఎనిమిది నెలల వయసులో వాటికి 'సిట్' అని పెంచినోళ్ళు చెప్తే ఐదు నెలలప్పటికంటే తక్కువ వినినాయి, కొత్తోళ్ళు చెప్తే మాత్రం బాగానే వినినాయి. మన ఇళ్ళల్లో ఇంటర్ పిల్లలున్నోళ్ళకి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు. ఏడాది దాటినాక మళ్ళీ దారికి వచ్చినాయి. కుక్కల్ని ఊర్లో తోటకి పంపించేసేది, షెల్టర్‌లో వదిలేసేది ఎక్కువగా ఈ వయసులోనే, అది తల్చుకుంటేనే నాకు ఒళ్ళు మండతాది.

లిఫ్ట్ గొడవలు. 2015లో యానిమల్ వెల్ఫేర్ బోర్డ్ ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం అసోసియేషన్ వాళ్ళు కుక్కని లిఫ్ట్ ఎక్కనివ్వం అనకూడదు. కానీ ఆ కాగితం పట్టుకొని నాలుగో ఫ్లోర్ అమ్మమ్మగారి మీదికి పోతే రేపట్నుంచి ఎవరికి కష్టం? ఆమె భయం నిజం. మీరు ఒక లిఫ్ట్ వదిలేయండి, తర్వాతది ఎక్కండి. అది కుక్కకి కూడా మంచిదే, ఆ డబ్బాలో ఇంకో కుక్క ఎదురైతే పక్కకి పోయే దారి ఉండదు. అరవకముందే అది మీకు చెప్తాది, గమనించండి. నోరు తెరిచి రొప్పతా ఉండేది ఠక్కున నోరు మూస్తాది. ఒళ్ళు బిగుసుకుంటాది. పెదవి నాకుతాది, ఆకలి లేకుండానే. కంటి పక్కన తెల్లగా కనపడతాది. నోరు మూసిన ఆ సెకనులో మీరు రెండడుగులు వెనక్కి వేస్తే కథ అక్కడే అయిపోతాది. మొరిగే కుక్క కరవదు అని మనోళ్ళు చెప్తారు, అది నమ్మి చెయ్యి పెట్టద్దు, మొరిగి మొరిగి కరిచిన కుక్కల దగ్గరికే నేను వారానికోసారి పోతా ఉంటా. అట్లే గుర్రుమన్నదని కొట్టొద్దు, కొడితే గుర్రుమనడం మానేసి డైరెక్ట్‌గా కరుస్తాది.

ఇంట్లో పెద్దవాళ్ళ సంగతి కూడా చెప్పాల. ఊరి నుంచి మామగారు వస్తారు, ఆయనకి కుక్కంటే ప్రాణం, టేబుల్ కింద నుంచి ఇడ్లీ ముక్క, చేతిలోంచి ప్రసాదం. మీరు నెలంతా ఎగరొద్దు అని నేర్పింది ఆయన రెండు రోజుల్లో కడిగేస్తారు. తిట్టొద్దు, ఆయనకి ఒక పని ఇయ్యండి, నాన్నా ఆ తువ్వాలు చుట్టడం మీ డ్యూటీ అనండి, నేను చూసిన ఇళ్ళల్లో రోజూ టైంకి చేసేది వాళ్ళే. సంగటి ముద్ద, పెరుగన్నం ఉప్పు కారం లేకుండా పెడితే మామూలుగా ఇబ్బంది ఉండదు. కానీ చక్కెర పొంగలిలో కిస్‌మిస్ ఉంటాది చూడండి, ద్రాక్ష గానీ కిస్‌మిస్ గానీ కుక్క కిడ్నీల్ని దెబ్బ తీయొచ్చు. చాక్లెట్, ఉల్లిపాయ, షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో వేసే జైలిటాల్ కూడా కుక్కకి విషమే, ఇవి ఇంట్లో పనిచేసే అక్కకి కూడా చెప్పండి, ఆమె ప్రేమతోనే పెడతాది.

హైపర్ అని నా దగ్గరికి తెచ్చే ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించండి. చెవిలో ఇన్‌ఫెక్షన్, చర్మం దురద, కడుపులో పురుగులు, వీటితో కూడా కుక్క ఒక చోట నిలవదు. దీనికి తిరగేసి, ఎప్పుడూ ఎగిరే కుక్క సడన్‌గా రెండు రోజులు మెత్తబడితే ట్రైనింగ్ పని చేసిందని సంబరపడొద్దు, గోమార్లు చూడండి. టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్స్ పడిపోతాయి, బ్లడ్ టెస్ట్ లేట్ చేయొద్దు.

సరే, ప్రశ్నలు. ఆ చెప్పండి అన్నా.

(ఆపరేషన్ చేయిస్తే ఎనర్జీ తగ్గుతుందా?) తగ్గదన్నా. ఆపరేషన్ చేయించండి, పిల్లలు పుట్టకుండా, కొన్ని రోగాలు రాకుండా మంచిదే, ఎప్పుడు చేయించాలో డాక్టర్‌ని అడగండి. మగదైతే ఆడదాని వాసనకి గేట్ దూకి పోవడం తగ్గొచ్చు. కానీ సోఫా పీకడానికీ దానికీ సంబంధం లేదు.

(దీపావళికి ఏం చేయాలి?) పండగ రోజు ఫోన్ చేస్తే నేనేం చేయలేను అక్కా, అప్పటికి లేటైపోతాది. నెల ముందే డాక్టర్‌తో మాట్లాడండి, బాగా భయపడే వాటికి మందులున్నాయి, ఒకసారి ముందే ఇచ్చి ఎట్లుందో చూసుకోవాల. చీకటి పడకముందే వాకింగ్ అయిపోవాల, హార్నెస్‌కి ఒక లీష్, కాలర్‌కి ఇంకోటి, పట్టీ మీద మీ ఫోన్ నంబర్. భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం ఎక్కువైతాది అంటారు, అట్లేం లేదు, వచ్చి ఒళ్ళో దూరితే దూరనీ.

(ఇంకో కుక్కని తెస్తే దీనికి తోడుగా ఉంటుంది కదా?) అందరూ అడుగుతారు మేడం ఇది. ఒక్కోసారి కుదరతాది. ఎక్కువ ఇళ్ళల్లో నేను చూసింది, రెండోది మొదటిదాని దగ్గర అన్నీ నేర్చుకుంటాది, తలుపు దగ్గర ఇద్దరూ కలిసి అరుస్తారు. ముందు ఇది మీరు లేనప్పుడు పగలు నాలుగు గంటలు పడుకోవాల, పిలిస్తే రావాల, అప్పుడు అడగండి, నేనే వచ్చి చూసి చెప్తా.

టైం అయిపోయింది అంటా ఉన్నారు, యోగా క్లాస్ వాళ్ళు బయట నిలబడినారు. కరవకుండా కుక్క మూతికి తొడిగే మజిల్ సైజ్ చూసుకోవాలన్నోళ్ళు మెయిన్ గేట్ పక్కన లాన్ దగ్గరికి రండి, నోరు తెరిచి రొప్పడానికి, నీళ్ళు తాగడానికి వీలుండే బాస్కెట్ మజిల్స్ మూడు సైజులు తెచ్చినా, గుడ్డతో గట్టిగా కట్టేసేవి కొనొద్దు. కుక్కల్ని కిందికి తీసుకురావచ్చు ఇప్పుడు, కానీ ఒక్కొక్కటిగా, బ్లాక్ ఏ వాళ్ళు ముందు.